లారీ ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లాయి: పని చేయించాలా, ఇంజన్ మార్చేయాలా?

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచిపోయాయి. అవే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు ముంచెత్తింది. ఇలాంటి వరదల్లో ఇంటి పక్కనో ఖాళీ స్థలంలోనో ఆపుకున్న లారీలు ఉన్నచోటే మునిగిపోతాయి. ఒకే మోడల్, ఒకే లోతు నీళ్లు, పక్కపక్కనే ఆగిన రెండు బళ్లు. ఒకటి ఆయిలు, ఫిల్టర్లు, శుభ్రం చేసిన కూలీతో బయటపడుతుంది. రెండోదానికి ఇంజన్ దించాల్సి వస్తుంది. చాలాసార్లు తేడా ఒక్కటే: రెండోదానికి నీళ్లు తీయగానే ఎవరో ఆత్రంగా సెల్ఫ్ కొట్టి చూశారు.

ఇంజన్‌కి పని చేయించాలా, మార్చేయాలా అన్నదానికి నా మాట ముందే చెబుతాను. కనెక్టింగ్ రాడ్లు (పిస్టన్లను క్రాంకుకి కలిపే కడ్డీలు), క్రాంకు (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు), బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజన్ దిమ్మ), డీజిల్ పంపు-నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిలు చిమ్మేవి), ఈ నాలుగూ కొలిచి చూసేదాకా ఆ నిర్ణయం ఎవరూ చేయలేరు. బండి చుట్టూ ఒకసారి తిరిగి “ఇంజన్ పోయింది, వేరేది వేసేద్దాం” అనే మేస్త్రీ మాటా వద్దు, “కిట్ (కొత్త పిస్టన్ల సెట్టు) వేస్తే సరిపోతుంది” అనే మేస్త్రీ మాటా వద్దు. ఇద్దరూ చూడకుండా చెబుతున్నవాళ్లే.

విప్పకముందు

నీళ్లు ఇంజన్‌ని ఎలా విరగ్గొడతాయో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. 6.7 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్ తీసుకోండి. ఒక్కో సిలిండర్ లీటరు పైచిలుకు. కంప్రెషన్ సుమారు 17కి 1. అంటే పిస్టన్ పైకి వచ్చి ఆగినప్పుడు దానికీ హెడ్డుకీ (సిలిండర్ల పైమూత) మధ్య మిగిలే ఖాళీ 70 మిల్లీలీటర్ల దగ్గర ఉంటుంది. టీ కొట్టులో ఇచ్చే చిన్న గ్లాసుడు. ఒక సిలిండర్‌లో అంతకంటే ఎక్కువ నీళ్లు చేరితే పిస్టన్ పైకి రావడానికి చోటు లేదు. గాలి నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. సెల్ఫ్ మోటారు తిప్పుతూనే ఉంటుంది, ఎక్కడో ఒకచోట వంగాలి. వంగేది కనెక్టింగ్ రాడ్డు. ఇంజన్ స్పీడు మీద ఉండగా, వాగు దాటుతూనో అండర్‌పాస్‌లో దిగో నీళ్లు పీల్చుకుంటే రాడ్డు వంగడంతో ఆగదు, విరిగి బ్లాకు పక్కనుంచి బయటికొస్తుంది.

మన లారీలకు గాలి పీల్చే గొట్టం చాలావరకు క్యాబిన్ వెనక ఎత్తులో ఉంటుంది. నిలబెట్టిన బండి క్యాబిన్ ఫ్లోరుదాకా మునిగినా ఆ దారిలో నీళ్లు వెళ్లకపోవచ్చు. కానీ సైలెన్సర్ దారి ఉంది, బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) ఉంది, ఆయిలు మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టం ఉంది. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని ఆగిన సిలిండర్‌లోకి సైలెన్సర్ వైపు నుంచి నీళ్లు చేరతాయి. బ్రీదర్, డిప్‌స్టిక్ దారిలో వచ్చినవి ఛాంబర్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టిలోకి దిగుతాయి. పైన ఎయిర్ ఫిల్టర్ పొడిగా ఉంది కదా అని ధైర్యం చేసి తాళం తిప్పేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

కాబట్టి మొదట బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. బండిని లాగించేటప్పుడు గేరులో ఉంచొద్దు. వీలైతే గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి లాగించండి. తర్వాత ఛాంబర్ బోల్టు మెల్లగా వదులు చేసి కింద ఏదైనా తెల్లటి డబ్బా పెట్టండి. నీళ్లు ఆయిలు కంటే బరువు, అందుకే ముందు అవే వస్తాయి. నీళ్లు విడిగా, వెనక ఆయిలు విడిగా వచ్చాయంటే ఇంజన్ తిరగలేదని దాదాపు నమ్మొచ్చు. మొదటి నుంచీ తెల్లగా, చిక్కగా కలిసిపోయి వచ్చిందంటే ఎవరో తిప్పారు. డ్రైవరు ఒప్పుకోకపోయినా ఆ ఆయిలు నిజం చెబుతుంది. అలాగని డ్రైవరు మీద కేకలేయకండి. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టాడు, స్టార్ట్ అయిందా, అయితే ఎంతసేపు నడిచింది, ఎలాంటి శబ్దం వచ్చింది అని నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. మేస్త్రీకి అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం అదే.

తర్వాత నాజిళ్లు బయటికి తీసి, ఇంజన్‌ని చేత్తో, బార్ వేసి తిప్పాలి. నీళ్లుంటే ఆ రంధ్రాల్లోంచి చిమ్ముతాయి. రెండు పూర్తి చుట్లు ఎక్కడా పట్టేయకుండా తిరిగితే సగం గండం గడిచినట్టే. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయొద్దు, హెడ్డు దించాల్సిందే.

వెంటనే విప్పే వీలు లేకపోతే, నీళ్లు తీసేసిన సిలిండర్లలో డీజిలు, ఇంజనాయిలు కలిపి పోసి, రోజుకోసారి చేత్తో కొంచెం తిప్పుతూ ఉండండి. తుప్పు మనకోసం ఆగదు. లైనర్ (సిలిండర్ లోపలి తొడుగు) గోడ మీద, పిస్టన్ రింగులు ఆగిన గీత దగ్గర కొద్దిరోజుల్లోనే పట్టేస్తుంది. గుంటలు పడ్డాక ఆ లైనర్ మళ్లీ పనికిరాదు.

ఇక్కడో చిక్కుంది. ఇన్సూరెన్స్ సర్వేయర్ చూసేదాకా బండి ముట్టుకోవద్దంటారు. వరద వచ్చిన వారంలో సర్వేయర్లు దొరకరు. చేతులు కట్టుకుని కూర్చుంటే మంచి లైనర్లు కూడా పోతాయి. క్లెయిమ్ నంబరు తీసుకున్నాక, “నష్టం పెరగకుండా ఆయిలు, నీళ్లు తీసేస్తున్నాం, ఇంజన్ విప్పడం లేదు” అని మెయిల్‌లో రాసి పంపండి. నీటి మట్టం గుర్తు, ఓడోమీటరు, ఛాంబర్‌లోంచి నీళ్లు కారడం, అన్నీ వీడియో తీయండి. నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీలో మన బాధ్యతే, రాతపూర్వకంగా చెప్పి చేస్తే అడ్డు చెప్పడం వాళ్లకు కష్టం.

విప్పాక కొలవాల్సినవి

రాడ్డు వంగిందా లేదా కంటితో చూసి చెప్పడం చాలాసార్లు కుదరదు. ఒక మిల్లీమీటరు పొట్టిదైనా ఇంజన్ స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది, లోడు కూడా లాగుతుంది. కొన్ని వారాల తర్వాత ఏ ఘాట్ రోడ్డులోనో విరుగుతుంది. అప్పుడు బ్లాకుతో సహా పోతుంది. హెడ్డు దించాక ఆరు పిస్టన్లనూ ఒక్కొక్కటిగా పూర్తిగా పైకి తెచ్చి, బ్లాకు పైతలం నుంచి ఎంత ఎత్తులో ఆగుతున్నాయో డయల్ గేజ్‌తో కొలిపించండి. ఐదు ఒకేలా ఉండి ఆరోది కిందే ఆగితే దాని రాడ్డు వంగినట్టే. లైనర్ పై అంచున పాత మసి గీతకీ, పిస్టన్ ఇప్పుడు చేరే చోటుకీ మధ్య కొత్తగా ఖాళీ కనిపించినా అదే అర్థం. వంగిన రాడ్డును ప్రెస్‌లో సరిచేస్తామంటారు. ఒప్పుకోవద్దు, కొత్తదే వేయించండి.

క్రాంకు దగ్గర రెండు భయాలు. ఒకటి వంపు, రెండోది బురద చేసిన గీతలు. కాలువ నీళ్లలో సన్నటి ఇసుక, ఒండ్రు ఉంటాయి. ఇంజన్ నిమిషం తిరిగినా ఆయిలు పంపు ఆ ఇసుకను ప్రతి బేరింగుకీ పంచిపెడుతుంది. గీతలు తక్కువైతే జర్నల్స్ (క్రాంకులో బేరింగులు పట్టుకునే చోట్లు) గ్రైండింగ్ చేయించి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల అండర్‌సైజ్ బేరింగులు వేస్తారు. ఇప్పటికే ఒకటి రెండుసార్లు గ్రైండింగ్ అయిన క్రాంకు అయితే ఇంకా అరగదీయడం మంచిది కాదు. కొన్ని క్రాంకులకు పైపొర గట్టిపడేలా నైట్రైడింగ్ చేసి ఉంటుంది. వాటిని గ్రైండింగ్ చేశాక మళ్లీ ఆ పని చేయించకపోతే త్వరగా అరిగిపోతాయి. మీ ఇంజన్‌కి ఏది వర్తిస్తుందో లేత్ షాపులో ముందే అడగండి.

అసలు నిర్ణయమంతా బ్లాకు మీదే ఉంది. లైనర్లు ఉన్న ఇంజన్ అయితే లైనర్, పిస్టన్ కిట్ మార్చేసి గట్టెక్కొచ్చు. కమిన్స్ బి సిరీస్ లాంటి వాటికి అసలు లైనర్లే ఉండవు, బ్లాకులోనే సిలిండర్లు కోసి ఉంటాయి. అందులో తుప్పు గుంటలు పడితే బోరింగ్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి, లేదా స్లీవులు దింపాలి. చేసేవాడి చెయ్యి మంచిదైతే బాగానే ఉంటుంది. చేతకానివాడు చేస్తే వేడెక్కడం, ఆయిలు తాగడం మొదలవుతాయి. బ్లాకుకి కన్నం పడినా, మెయిన్ బేరింగుల వరుస దెబ్బతిన్నా ఇక పనికి పెట్టే డబ్బు దండగ. వెల్డింగ్ చేసిన బ్లాకుతో లోడు బండి నడపమని నేనెవరికీ చెప్పను.

నాలుగోది డీజిల్ వ్యవస్థ. కామన్ రైల్ (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టంలోంచి ఎక్కువ ఒత్తిడితో డీజిలు అందించే పద్ధతి) పంపులోనూ నాజిళ్లలోనూ భాగాల మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లు. ట్యాంకు గాలి గొట్టం గుండా ఒక లీటరు నీళ్లు దిగినా, అది లైన్లోకి పోతే లోపల తుప్పు పడుతుంది. ట్యాంకు దించి కడిగించి, పంపు, నాజిళ్లు టెస్ట్ బెంచీ మీద చూపించండి. ఆరు నాజిళ్లు, పంపు కలిపితే ఒక్కోసారి ఇంజన్ పనికన్నా వీటి బిల్లే ఎక్కువవుతుంది. ఎస్టిమేట్‌లో ఈ పద్దు లేకపోతే ఆ ఎస్టిమేట్‌ని అసలు లెక్కలోకే తీసుకోవద్దు.

ఏ నీళ్లు అన్నది కూడా ముఖ్యమే. మంచినీళ్లలో మూడు రోజులు నానిన ఇంజన్ కన్నా ఉప్పునీళ్లలో ఒక రోజు నానింది ప్రమాదం. తుపానుకి సముద్రం నీళ్లు ఎక్కిన కాకినాడ, మచిలీపట్నం తీరంలోని బళ్లలోనూ, రొయ్యల చెరువుల ఉప్పునీళ్లలో దిగిన బళ్లలోనూ అల్యూమినియం భాగాలను, కనెక్టర్లను, ఆయిల్ కూలరును ఉప్పు లోపల నుంచి తినేస్తుంది. అలాంటి బండి విషయంలో నేను మార్పిడి వైపే మొగ్గుతాను.

వరద లేకుండానే ఆయిల్లోకి నీళ్లు వస్తే అది వేరే కథ. హెడ్ గ్యాస్కెట్, ఆయిల్ కూలరు, లైనర్ కింది రబ్బరు రింగులు, ఈజీఆర్ కూలరు (కొంత పొగను చల్లబరిచి మళ్లీ ఇంజన్‌లోకి పంపేది), ఈ నాలుగింట్లో ఒకటి కారుతూ ఉంటుంది. కూలింగ్ సిస్టమ్‌కి ప్రెషర్ పెట్టి ఎక్కడ కారుతోందో పట్టుకోండి. పట్టుకున్నవెంటనే బండి ఆపి ఉంటే ఇంజన్ మార్చాల్సిన అవసరం దాదాపు రాదు.

ఏ దారి ఎవరికి

సెల్ఫ్ కొట్టలేదు, మంచినీళ్లు, చేత్తో తిప్పితే తిరుగుతోంది అంటే పనీ వద్దు, మార్పూ వద్దు. ఛాంబర్ దించి కడిగి, ఫిల్టర్లన్నీ మార్చి, చవక ఆయిలు పోసి కాసేపు నడిపి తీసేసి, మళ్లీ మంచి ఆయిలు పోస్తే చాలు. ఇలాంటి బండికి కూడా “మునిగింది కదా” అని ఫుల్ ఇంజన్ వర్క్ అంటగట్టేవాళ్లున్నారు. సీజన్‌లో గిరాకీ అలా ఉంటుంది, మీరు గట్టిగా ఉండండి.

ఒకటో రెండో రాడ్లు వంగాయి, బ్లాకు బాగుంది, క్రాంకు స్టాండర్డ్‌లోనో (గ్రైండింగ్ లేకుండా) మొదటి గ్రైండింగ్ సైజులోనో సరిపోతుంది అంటే పని చేయించుకోవడమే నయం. పాత ఇంజన్, పాత నంబరు, మనకు తెలిసిన చరిత్ర. బీఎస్-3, బీఎస్-4 (పాత పొగ ప్రమాణాల) బళ్లకు విడిభాగాలు బాగా దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్, గ్రైండింగ్, పంపు షాపులు అన్నీ ఒకేచోట ఉన్నాయి కాబట్టి పని కళ్లముందే చేయించుకోవచ్చు. ఒక్క షరతు: బ్లాకులోని ఆయిలు దారుల ప్లగ్గులన్నీ తీయించి బ్రష్‌తో కడిగించాలి, ఆయిల్ కూలరు కొత్తది వేయాలి, టర్బో విప్పి చూడాలి. ఇవి మానేసి కొత్త బేరింగులు వేస్తే, మిగిలిపోయిన ఒండ్రు వాటిని కూడా తినేస్తుంది. చేసిన పని చెడిపోయిందని మనం మేస్త్రీని తిట్టుకునే సందర్భాల్లో చాలావాటికి మూలం ఇదే.

బ్లాకు పోయినా, క్రాంకు పోయినా, రెండూ అనుమానమే అయినా మార్పిడికి వెళ్లాలి. అందులో మూడు రకాలున్నాయి. కంపెనీ కొత్త హాఫ్ ఇంజన్, అంటే హెడ్డు లేకుండా బ్లాకు, క్రాంకు, పిస్టన్లు బిగించి వచ్చేది. కంపెనీ రీకండిషన్డ్ ఇంజన్, అంటే పాతదాన్ని కంపెనీయే బాగుచేసి ఇచ్చేది, టాటా ప్రొలైఫ్, కమిన్స్ రీకాన్ లాంటివి. ఇవి పాత ఇంజన్ ఇచ్చి పుచ్చుకునే పద్ధతి మీద నడుస్తాయి. కన్నం పడిన బ్లాకును వెనక్కి తీసుకుంటారా, తీసుకుంటే ఎంత కోస్తారు అన్నది బేరానికి ముందే తేల్చుకోండి. మూడోది స్క్రాప్ యార్డు ఇంజన్.

స్క్రాప్ ఇంజన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చిన్న ఓనర్లు ఎక్కువగా మోసపోయేది దీనిలోనే. వరద వచ్చిన ఆర్నెల్లలో మార్కెట్‌కి వచ్చే ఇంజన్లలో మునిగినవే కొన్ని ఉంటాయి. బయట పెయింట్ వేసి మెరిపిస్తారు. సెల్ఫ్ మోటారు ఊడదీసి ఫ్లైవీల్ హౌసింగ్ లోపల చెయ్యి పెట్టి చూడండి, ఎండిన బురద అక్కడ దాక్కుంటుంది. నాజిల్ రంధ్రంలోంచి ఫోనుకి తగిలించే చిన్న కెమెరా దింపి లైనర్ గోడ చూడండి. ఇంజన్ నంబరు ఉన్నచోట గ్రైండింగ్ చేసి మళ్లీ కొట్టినట్టుంటే అక్కణ్నుంచి వెళ్లిపోండి, అది దొంగబండిదైతే పోలీస్ స్టేషన్ మెట్లెక్కేది మీరు. బిల్లు, ఆ ఇంజన్ ఏ బండిదో ఆ కాగితాలు లేకుండా కొనొద్దు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 లారీకి స్క్రాప్ ఇంజన్ ఆలోచనే మానేయండి. ప్రతి నాజిల్‌కీ ఒక కోడ్ ఉంటుంది, అది ఈసీయూలో (ఇంజన్‌ని నడిపే కంప్యూటరు) ఎక్కించాలి. సెన్సార్లు, యాడ్‌బ్లూ (పొగలో విషవాయువులు తగ్గించే ద్రవం) వ్యవస్థ ఆ ఇంజన్‌తో కలిసి పనిచేయాలి. తక్కువ ప్రమాణం ఇంజన్ పెడితే చట్టం ఒప్పుకోదు, బండీ సరిగ్గా నడవదు.

ఇంజన్ మార్చేస్తే అన్నీ తీరిపోతాయనుకోవడం కూడా పొరపాటే. వైరింగ్, ఈసీయూ, యాడ్‌బ్లూ పంపు, నాక్స్ సెన్సార్లు (పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు కొలిచేవి), క్లచ్, గేర్‌బాక్స్, క్రౌన్ (వెనక ఇరుసులోని పళ్ల చక్రం), హబ్బులు కూడా అవే నీళ్లలో నానాయి. కొత్త ఇంజన్ పెట్టిన నెలకే హబ్ బేరింగు పట్టేసి బండి ఆగితే టెన్షన్ మళ్లీ మొదటికొస్తుంది. రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు ఈ ఖర్చు రెండింటికీ సమానంగా కలిపి చూడండి.

డబ్బు లెక్క

సమగ్ర పాలసీ ఉంటేనే వరద నష్టానికి క్లెయిమ్. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే మొత్తం మన జేబే. పాలసీ ఉన్నా, నీళ్లలో సెల్ఫ్ కొట్టడం వల్ల రాడ్డు వంగితే దాన్ని పర్యవసాన నష్టం (నేరుగా వరద వల్ల కాక, తర్వాత చేసిన పని వల్ల వచ్చింది) అని చాలాసార్లు తిరస్కరిస్తారు. ఇలాంటి నష్టం కోసం అదనంగా తీసుకునే ఇంజన్ రక్షణ యాడ్-ఆన్ ఉందో లేదో పాలసీ కాగితంలో చూసుకోండి.

ఆమోదించినా తరుగుదల కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, బ్యాటరీకి సగం. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి: మూడు నుంచి నాలుగేళ్ల బండికి 25 శాతం, నాలుగు నుంచి ఐదేళ్లకు 35, ఐదు నుంచి పదేళ్లకు 40, పదేళ్లు దాటితే 50. ఉదాహరణకి ఆరేళ్ల లారీకి ఇనుప భాగాల బిల్లు 3 లక్షలనుకుందాం. మన వాటా 1 లక్షా 20 వేలు. అదే బండికి 6 లక్షల ఇంజన్ వేయిస్తే మన వాటా 2 లక్షల 40 వేలు. “ఎలాగూ ఇన్సూరెన్స్ ఇస్తుంది కదా, కొత్తదే వేద్దాం” అనేవాళ్లు ఈ లెక్క వేసుకోరు. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువ) 75 శాతం దాటితే బండిని పూర్తి నష్టంగా లెక్కకడతారు. పాత బండి, కిస్తీలు అయిపోయి ఉంటే అదే మేలు కావచ్చు. ఫైనాన్స్ బాకీ ఉంటే ఆ డబ్బు ముందు ఫైనాన్స్ వాళ్లకే పోతుంది.

నా వరకు నేను పెట్టుకున్న హద్దు ఇది. విప్పి కొలిచాక వచ్చిన పని ఎస్టిమేట్, కంపెనీ రీకండిషన్డ్ ఇంజన్ ధరలో మూడింట రెండొంతులు దాటితే ఇంజన్ మార్చడమే మంచిది. పని మొదలయ్యాక బిల్లు పెరుగుతుందే గాని తగ్గదు. రీకండిషన్డ్‌కి వారంటీ ఉంటుంది. వరద తర్వాత లేత్ షాపుల్లో వరుస పెద్దది, బండి ఆగిన ప్రతి నెలా కిస్తీ మాత్రం ఆగదు. బండి ఇంకో రెండేళ్లకు అమ్మేద్దామనుకుంటే మాత్రం ఈ హద్దు వదిలేసి పని చేయించుకోవడమే సరి.

మార్చినవాళ్లు ఆర్సీ సంగతి మరిచిపోవద్దు. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మార్పుకి ఆర్టీవో ఆమోదం తీసుకుని కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి, ఫైనాన్స్ ఉంటే వాళ్లకీ తెలియజేయాలి. నంబరు కలవకపోతే రేపు ఏదైనా ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర మొదట పట్టుకునేది దాన్నే.

ఏ దారిలో వెళ్లినా, బండి బయటికి తెచ్చాక మొదటి కొన్ని ట్రిప్పులు తక్కువ లోడుతో నడపండి. మొదటి ఆయిలు, ఫిల్టరు మాన్యువల్‌లో రాసిన గడువుకి చాలా ముందే మార్చి, పాత ఫిల్టరు కోయించి మడతల్లో చూడండి. మెరిసే రజను కనిపిస్తే బండి ఆపి, పని చేసిన షాపుకే తీసుకెళ్లండి, ఆ ఫిల్టరు కూడా వెంట ఉంచుకోండి.